నొక్కు పడని తూటా

దిమ్మలో నాలుగు గొట్టాలు మూతి పైకి పెట్టి నిలబడి ఉన్నాయి. వాటి మీద గుండ్లు లేవు. పక్కన మనిషీ లేడు.

డెల్మర్ ఓప్ షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ షెడ్డు అతని బావ ఇవాల్డ్‌ది. అందులో ఏ వస్తువు ఎక్కడుంటుందో, ఏ పని వెనక ఏ పని జరుగుతుందో డెల్మర్‌కి తన సొంత వంటింటి సంగతి కన్నా బాగా తెలుసు. సీసం కరిగించి గుండ్లు పోసుకోవడం, తూటాలు చేత్తో కట్టుకోవడం అతనికి నేర్పింది ఆ బావే.

ఇవాల్డ్‌ది ఒకటే పద్ధతి. ఖాళీ ఇత్తడి గొట్టాలన్నీ రంధ్రాలున్న చెక్క దిమ్మలో బోర్లించి ఉంటాయి. ఒకదాన్ని తీసి మూతి పైకి తిప్పుతాడు. కొలిచిన తుపాకీ మందు పోస్తాడు. టార్చి వేసి లోపలికి చూస్తాడు. చిటికెడు దూది కూరి, వెంటనే సీసపు గుండు ఎక్కించి బిగిస్తాడు. అప్పుడు గాని రెండో గొట్టాన్ని ముట్టుకోడు. "బోర్లా ఉంటే ఖాళీ. గుండు ఉంటే నిండు. మధ్యలో ఇంకోటి ఉండకూడదు" అని నలభై ఏళ్ల కిందట డెల్మర్ చేతిలో మొదటి గొట్టం పెట్టినప్పుడే చెప్పాడు.

ఇప్పుడు ఆ మధ్యలోవి నాలుగు ఉన్నాయి.

"ఏరా, దొంగలా గుమ్మంలో నిలబడ్డావేం?" ఇవాల్డ్ పెరట్లోంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డం మీద కూకెన్ కేకు పొడి ఇంకా అంటుకునే ఉంది. "నీకు ముక్క మిగల్చలేదు. మీ అక్క అడిగితే తిన్నానని చెప్పు, లేకపోతే నా పీకల మీదికి వస్తుంది."

"ఇవేంటి బావా, ఇలా వదిలేశావు?"

ఇవాల్డ్ దిమ్మ వైపు తల పక్కకి వంచి చూశాడు. రెండేళ్లుగా అతని చూపు మధ్యలో ఒక మచ్చ. దేన్నైనా నేరుగా చూస్తే అది మాయమవుతుంది, ఓరగా చూస్తేనే కనిపిస్తుంది. ఆ చూపులో ఒక్క క్షణం ఏదో తడబాటు కనిపించినట్టు డెల్మర్‌కి అనిపించింది.

"లియోనా పిలిచింది. పిలిస్తే వెళ్లకపోతే సాయంత్రం సూపు ఉండదు."

"మందు పోశావా వీటిల్లో?"

"పోయకుండా ఎందుకు తిప్పుతాను? నువ్వు నాకు పాఠాలు చెప్పేంతవాడివయ్యావేం? వెళ్లి నీ ట్రక్కులో ఇసుక సంచులు ఉన్నాయో లేవో చూడు. పోయినసారి మర్చిపోయి నా కోటు మడతపెట్టి దాని మీద తుపాకీ పెట్టించావు."

డెల్మర్ వెళ్లాడు. సంచులు ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి దిమ్మలో గొట్టాలు లేవు. ఆ నాలుగూ, ముందే పూర్తయిన ఒకటీ కలిపి అయిదు తూటాలు గుండ్లు ఎక్కి, చిన్న ప్లాస్టిక్ సంచిలో పడి, మిగతా సంచులతోపాటు పాత బిస్కట్ల డబ్బాలో కలిసిపోయాయి. ఇవాల్డ్ ఆ నాలుగింట్లో మళ్లీ మందు పోశాడో, ఉన్నవాటికే గుండ్లు ఎక్కించాడో డెల్మర్ చూడలేదు. ఇవాల్డ్ చేతులు తుడుచుకుంటున్నాడు. టార్చి ఎప్పటి మేకుకే వేలాడుతోంది. అతను అటు తిరిగినప్పుడు డెల్మర్ దాని మీట నొక్కి చూశాడు. వెలగలేదు.

ఇంత చిన్న విషయానికి గుండె జారడం ఎందుకో ఆ పని చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తూటాలు పేల్చే రైఫిలు ఇవాల్డ్ తాత ఈ నేలకి బండెక్కి వచ్చిననాటిది. నల్ల మందు కాలంలో చేసింది. దాని తూటా గొట్టం నిండా నల్ల మందు పోసేవాళ్లు. ఇప్పటి మందు అందులో అడుగున చిటికెడు చాలు. రెండు చిటికెలు పోసినా, మూడు పోసినా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. చూడకపోతే తెలీదు. ఆ రైఫిలు వెనక భాగం పెట్టె మూతలా పైకి లేస్తుంది. రెండింతల మందు అంటుకుంటే ఆ మూత ఊడి వచ్చేది కాల్చేవాడి మొహం మీదికే.

ఆ కౌంటీలో తూటాలు కట్టుకునేవాళ్లందరికీ ఒక కట్టుబాటుంది. ఇంకొకరు కట్టిన తూటా పేల్చరు. తండ్రి కట్టినా సరే, "థాంక్యూ నాన్నా" అని జేబులో వేసుకుని ఇంటికెళ్లి విప్పేస్తారు. దీన్ని పాటించని హార్లన్ బుగ్గలో ఇప్పటికీ ఇత్తడి ముక్క ఉంది. కాఫీ హోటల్లో అందరూ అతన్ని ఇత్తడి బుగ్గ అనే పిలుస్తారు. చలి ఎక్కువైతే ఆ బుగ్గ ముందుగా చెబుతుందని అతనే నవ్వుతూ అంటాడు.

డెల్మర్ మాత్రం ఇవాల్డ్ కట్టినవి పేలుస్తాడు. ఇవాల్డ్ చూపు పోయినప్పటి నుంచీ కాల్చేది అతనే. ఈ మినహాయింపు ఇద్దరూ ఎప్పుడూ నోటితో అనుకున్నది కాదు. అనుకోలేదు కాబట్టే దాన్నుంచి తప్పుకోవడానికి మాట కూడా లేదు.

డెల్మర్ బయల్దేరుతుంటే అక్క లియోనా ట్రక్కు దాకా వచ్చింది. ఏప్రాన్‌లో చేతులు చుట్టుకుంది. గాలి ఆమె తెల్ల జుట్టును మొహం మీదికి కొడుతోంది.

"చెప్పావా తమ్ముడూ?"

"ఏం చెప్పమంటావక్కా?"

"ఏం చెప్పమంటానా! మొన్న నీళ్లు పోయకుండా కాఫీ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. అంతకుముందు ట్రక్కు ఇంజను ఆపకుండా షెడ్డులో వదిలేసి భోజనానికి వచ్చి కూర్చున్నాడు. అలాంటి మనిషి సీసం కుతకుతలాడే కుండ ముందు ఒక్కడే కూర్చుంటాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటాను. ఎన్నాళ్లు చెయ్యమంటావు?"

"నువ్వే చెప్పచ్చుగా."

"నేను చెప్తే పెళ్లాం గొణుగుడు. నువ్వు చెప్తే ఆ పని తెలిసినవాడి మాట. నీ మాటకి విలువిస్తాడు."

"అందుకే చెప్పలేనక్కా" అన్నాడు డెల్మర్. ఆమెకి అర్థం కాలేదు. అతను విడమరచలేదు.

బిస్కట్ల డబ్బా ఆ సాయంత్రం అతనితోనే వచ్చింది. పొద్దున్నే వాటిని కాల్చి చూడటానికి కంకర గొయ్యికి వెళ్లేది అతని ట్రక్కులోనే కాబట్టి అది మామూలే. వంటింటి బల్ల మీద తన తక్కెడ పెట్టి ఒక్కో తూటా తూచాడు. తూచేముందే తెలుసు, లాభం లేదని. చేత్తో పోసిన గుండ్లు ఏ రెండూ ఒక్క బరువు ఉండవు. అచ్చు కాస్త వేడిగా ఉంటే ఒక తూకం, చల్లారితే ఇంకో తూకం. గొట్టాలేమో పది చోట్ల ఏరుకొచ్చినవి, ఒకటి మందం, ఒకటి పలచన. ఆ తేడాల్లో చిటికెడు మందు ఎటు పోయిందో ఏ తక్కెడ చెప్పగలదు? చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. దూది కూరి ఉంది కదా, చప్పుడు లేదు.

పోయిన శీతాకాలం ముందు ఒక తూటాలో అసలు మందే లేకపోయింది. గుండు తుపాకీ గొట్టంలో సగానికి వెళ్లి ఇరుక్కుంది. ఇవాల్డ్ కర్రతో తట్టి దాన్ని బయటికి తీస్తూ "సోమరి గుండు, నీలాంటిదే" అని నవ్వాడు. ఇంటికి వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.

తెల్లవారాక గాలి లేవకముందే ఇద్దరూ కంకర గొయ్యి చేరారు. పాత నాగలి పళ్లాలు అతికించి చేసిన బల్ల అక్కడే ఎండకీ మంచుకీ పడి ఉంటుంది. డెల్మర్ గొయ్యి గోడకి కాగితపు పళ్లెం ఒకటి మేకు కొట్టి వచ్చాడు. ఇవాల్డ్ మడత కుర్చీ వేసుకుని వెనక కూర్చున్నాడు. అతనికి పళ్లెం కనిపించదు. కాల్పు చప్పుడు వింటాడు, ఆ తర్వాత పళ్లెం తెస్తే వేళ్లతో తడిమి చిల్లులు చూసుకుంటాడు.

ఈ వెతుకులాట ఏళ్ల నాటిది. అయిదు గుండ్లూ ఒక కాఫీ డబ్బా మూత కింద ఇమిడే తూటా ఇవాల్డ్‌కి కావాలి. ఒకప్పుడు దాదాపు దొరికింది. అంతలో అతను సీసం తెచ్చుకునే టైరు షాపువాళ్లు చక్రాలకి బిగించే సీసపు బిళ్లలు మానేసి వేరే లోహం వాడటం మొదలెట్టారు. ఈ మధ్య మూతపడ్డ ఒక అచ్చాఫీసు నుంచి అక్షరాల సీసం దొరికింది. కొత్త సీసం, మళ్లీ మొదటికి. అయిదేసి తూటాలు, ఒక్కో సంచికి మందు రవ్వంత పెంచుతూ, ఒకసారికి ఒక్కటే మారుస్తూ. "ఈసారి దొరుకుతుందిరా. మా తాత తుపాకీ నోట్లో మాట నా చెవిన పడకుండా నేను పోను" అని దారంతా అంటూనే ఉన్నాడు.

"ఏ సంచితో మొదలెట్టమంటావు?" డెల్మర్ అడిగాడు.

"తక్కువ మందుది. ఎప్పుడైనా పైనుంచి మొదలెట్టామా?"

"బావా... ఇవి ఒకసారి విప్పి చూసుకుంటే?"

"ఏవి?"

"ఇవన్నీ. నిన్న మధ్యలో లేచి వెళ్లావు కదా, అందుకని."

ఇవాల్డ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కోపంగా ఏమీ లేడు. అదే డెల్మర్‌కి కష్టమైంది.

"నేను చూసుకున్నానురా."

ఆ ఒక్క మాట. తిట్టి ఉంటే డెల్మర్ తిరిగి తిట్టేవాడు. అతను మొదటి తూటా తీసి రైఫిల్లో పెట్టి, మూత దించి, బల్ల మీద వాలాడు. చెంప తుపాకీ కర్రకి ఆనించగానే హార్లన్ బుగ్గ గుర్తొచ్చింది. గురి చూశాడు. వేలు బిగించేముందు కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి.

పేలింది. భుజానికి మెత్తగా తోపు. ఏమీ కాలేదు.

"బాగానే పలికింది" అన్నాడు వెనకనుంచి ఇవాల్డ్. "ఎక్కడ పడింది?"

"కింద, ఎడమకి."

రెండోది. మళ్లీ కళ్లు మూసుకున్నాయి. మూడోది పళ్లెం అంచు చింపింది. నాలుగోది ఎక్కడో కంకరలో దుమ్ము లేపింది.

"ఏంట్రా ఇది, విత్తనాలు చల్లుతున్నావా? కళ్లు మూసుకుని కాలుస్తున్నావేమిటి?" ఇవాల్డ్ నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "సీసం మరీ గట్టిగా ఉందేమో. తగరం తగ్గించాలి" అన్నాడు.

సీసంలో ఏ లోపమూ లేదు. తగరంలోనూ లేదు. ఆ మాట చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి.

అయిదోది తీసి పెట్టాడు. మూత దించాడు. తూటా అడుగున కొట్టే గుర్రాన్ని వెనక్కి లాగాడు. నిన్న దిమ్మలో మూతి తెరిచి నిలబడ్డ నాలుగు గొట్టాలు కళ్ల ముందుకొచ్చాయి. వాటిలో ఒకటి ఇప్పుడు తన చెంపకి ఇంత దూరంలో ఉందేమో. ఉండకపోవచ్చు కూడా. అతని వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది గాని బిగుసుకోలేదు. రెండోసారి ప్రయత్నించాడు. చివరికి గుర్రాన్ని బొటనవేలితో పట్టుకుని, చప్పుడు కాకుండా నెమ్మదిగా దించేశాడు.

"పేలలేదు" అన్నాడు.

"ఆఁ?"

"పేలలేదు బావా. ఊరుకుంది."

"కదలకు! తుపాకీ అటే పట్టుకో." ఇవాల్డ్ గొంతు ఒక్కసారిగా గురువు గొంతైపోయింది. "ఒక్కోసారి లోపల పొగులుతూ ఉంటుంది. ఆలస్యంగా పేలుతుంది. నేను చెప్పేదాకా మూత ఎత్తకు."

డెల్మర్ అలాగే పట్టుకున్నాడు. లోపల ఏదీ పొగలడం లేదని అతనికి తెలుసు. డెల్మర్ మీద ఏ గీతా పడకుండా కాపాడాలని ఆ ముసలాయన వెనక ఊపిరి బిగపట్టి లెక్కపెడుతున్నాడు. గొయ్యి పైన గాలి లేచింది. గడ్డి అంతా ఒక పక్కకి వాలింది. అబద్ధం చెప్పడం ఒక్క క్షణంలో అయిపోయింది, దాన్ని ఇలా మోస్తూ నిలబడటమే అయిపోవడం లేదు.

"ఇప్పుడు తియ్" అన్నాడు ఇవాల్డ్. "ఏది, ఇటివ్వు."

"పారేద్దాంలే బావా."

"ఎందుకు పేలలేదో చూడకుండా పారేస్తామా? నీకేమైంది ఇవాళ? ఇటివ్వు."

డెల్మర్ మూత ఎత్తి తూటాను అతని అరచేతిలో పెట్టాడు. ఇంకేం చెయ్యగలడు? తూటా అడుగున మధ్యలో ప్రైమర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. గుర్రం దెబ్బ పడితే దాని మీద నొక్కు పడుతుంది. పేలినా, పేలకపోయినా, దెబ్బంటూ పడితే ఆ నొక్కు ఉండి తీరాలి. ఇవాల్డ్ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకోలేదు. పెట్టుకుని లాభం లేదు. బొటనవేలి గోరుతో అడుగంతా మెల్లగా తడిమాడు. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి.

నున్నగా ఉంది.

గోరు ఆ నున్నని చోటే కదులుతూ ఉంది.

"టిక్కుమని వినపడలేదు నాకు" అన్నాడు చివరికి. "నా చెవులే మందగించాయనుకున్నాను."

"బావా, నేను..."

"లే."

"బావా, వద్దు. విను నా మాట."

"లేవరా అక్కణ్ణుంచి."

డెల్మర్ లేచాడు. ఆపాలంటే చేతులు పట్టుకుని లాగాలి. తనకి తుపాకీ పట్టడం నేర్పిన చేతుల్ని పట్టుకుని లాగడం అతని వల్ల కాలేదు. ఇవాల్డ్ బల్ల అంచు తడుముకుంటూ కూర్చున్నాడు. తూటాను తనే పెట్టుకున్నాడు, తనే మూత దించాడు. తలను పక్కకి, పక్షిలా వంచి, "ఆ మూల తెల్లగా ఏదో ఉంది. చాలు" అన్నాడు. డెల్మర్‌కి తను ముందుకెళ్లాలో వెనక్కెళ్లాలో తెలియలేదు. ఈసారి అతను కళ్లు మూసుకోలేదు. మూసుకోవడానికి సిగ్గేసింది.

పేలింది. మిగతావాటిలాగే మెత్తగా, పొట్టిగా.

"ఎక్కడ పడింది?"

"కాగితానికి తగల్లేదు బావా."

"నేను అడిగింది కాగితం గురించి కాదులే." ఇవాల్డ్ లేచి మడత కుర్చీ మూశాడు. "నీకు కావలసింది తెలిసింది కదా. పద. గాలి లేచింది."

మిగతా నాలుగు సంచులూ డబ్బాలో అలాగే ఉన్నాయి. ఒక్క తూటా మంచిదైతే మిగతావి మంచివని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నది వైపు మలుపు దగ్గర నెమళ్లలాంటి తోకల అడవి కోళ్లు రెండు రోడ్డు దాటాయి. మామూలుగా అయితే ఇవాల్డ్ వాటి చప్పుడుకే "ఆపు, ఆపు" అనేవాడు.

లియోనా వాకిట్లోనే ఉంది. భర్త మొహం చూసి, తమ్ముడి మొహం చూసి, "ఎలా పేలాయి?" అని అడిగింది.

"ఒకటి పేలలేదు" అన్నాడు ఇవాల్డ్, డెల్మర్ వైపు చూడకుండా. "మిగతావి పర్లేదు."

తన అబద్ధాన్ని అతని నోట వినేసరికి డెల్మర్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇవాల్డ్ డబ్బా తీసుకోలేదు. ట్రక్కు తలుపు దగ్గరకి వచ్చి దాన్ని సీటు మీదికి తోశాడు.

"నువ్వే విప్పు ఇవన్నీ. నేను సుత్తి వేస్తే వేలు చితక్కొట్టుకుంటాను."

తూటా విప్పడానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. అందులో తూటా బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి సుత్తి బోలులో పడుతుంది, మందు దాని వెంటే రాలుతుంది. డెల్మర్ గరాజు నేల మీద కూర్చుని ఒక్కోటీ కొట్టాడు. ఒక్కోదాని మందూ తక్కెడలో పోసి, సంచిలోని చీటీ మీద ఉన్న లెక్కతో సరిచూశాడు. మొదటి సంచి సరిగ్గా ఉంది. రెండోదీ సరిగ్గా ఉంది. కొడుతున్నకొద్దీ అతను ఒక తప్పు కోసం వెతుకుతున్నానని గ్రహించాడు. ఒక్కటి దొరికితే చాలు, కంకర గొయ్యిలో తను చేసినదానికి ఒక అర్థం ఉంటుంది. తర్వాత అలా కోరుకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు.

ఒక్కటి కూడా లేదు. ప్రతి గొట్టంలోనూ ఎంత ఉండాలో అంతే మందు. దూది కూడా ఒకే తీరుగా ఉంది. చూపులో మచ్చ ఉన్న మనిషి, కెటిల్లో నీళ్లు మర్చిపోయే మనిషి, ఇక్కడ మాత్రం ఒక్క రవ్వ తేడా రానివ్వలేదు.

డెల్మర్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. విప్పిన మందు తిరిగి డబ్బాలో పోయకూడదు, మట్టిలో కలిపెయ్యాలి అన్నది కూడా ఇవాల్డ్ నేర్పిందే. అలవాటు కొద్దీ దాన్నంతా గిన్నెలోకి ఒంపి, పెరట్లో ఉల్లి మడి మీద చల్లేశాడు. గుండ్లు కడిగి డబ్బాలో వేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ డబ్బా పట్టుకుని బావ ఇంటికి వెళ్లాడు. ఆ నోటితోనే తప్పు ఒప్పుకుని, ఈ మంచి మాట చెప్పి, సీసంలో తగరం తగ్గించొద్దని కూడా చెప్పాలని దారంతా అనుకున్నాడు.

షెడ్డులో పొయ్యి చల్లగా ఉంది. సీసం కుండ బోర్లించి ఉంది. బల్ల మీద ఒక అట్టపెట్టె. ఇవాల్డ్ గుండ్లు పోసే అచ్చులకి నూనె రాసి, ఒక్కోదాన్ని పాత చొక్కా గుడ్డలో చుట్టి అందులో సర్దుతున్నాడు.

"వచ్చావా. ఇది నీకే" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏంటి బావా ఇది? ఆగు. అన్నీ విప్పాను. ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు."

"అలాగే."

"అలాగే కాదు. నిజంగా. ఒక్కటి కూడా లేదు. అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నాయి."

"నిజంగానా?"

"నిజంగా!"

"నిన్న పేలలేదన్నది కూడా ఇలాగే చెప్పావురా. ఇదే గొంతుతో." ఇవాల్డ్ మాటలో దెప్పిపొడుపు లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఎన్నింట్లో దొరికింది? ఒకటా, రెండా?"

"ఒక్కటీ లేదు బావా! దేవుడి మీద ఒట్టు!"

"మందు ఏది? తెచ్చావా?"

డెల్మర్ నోరు తెరిచాడు. "పారబోశాను" అన్నాడు. "మడిలో చల్లేశాను. నువ్వే కదా ఎప్పుడూ..."

"అవును. నేనే చెప్పాను." ఇవాల్డ్ తల ఊపాడు. అతనికి కావలసిన జవాబు దొరికినట్టుంది. "మంచి పనే చేశావు. నేనైనా అలాగే చేసేవాణ్ణి. నీ బావకి ఎదురుగా పెట్టి చూపిస్తావా ఏంటి?"

"బావా, నా మాట నమ్మవా?"

"నమ్మకేం. నువ్వు మంచివాడివి. అదే కదా గొడవ."

ఒకటి దొరికిందని చెబితే ఇప్పుడే నమ్ముతాడు. నిజం చెబుతుంటే నమ్మడం లేదు. ఇవాల్డ్ చెయ్యి చాచి మేకుకున్న టార్చి తీశాడు. దాని మూతి పట్టుకుని ఒక మెలి తిప్పాడు. తెల్లని వెలుగు అట్టపెట్టెలోకి పడింది. ఆ వెలుగులో తలని పక్కకి వంచి, మూలల్లో ఏమైనా మర్చిపోయాడేమోనని చూశాడు.

"ఇది మీట నొక్కితే వెలగదు, తిప్పాలి. పోయిన ఏడాదే మీట పాడైంది" అంటూ ఆర్పి, దాన్ని కూడా పెట్టెలో పెట్టేశాడు. "కొత్త బ్యాటరీలే."

డెల్మర్ ఆ టార్చినే చూస్తూ నిలబడ్డాడు. చెప్పడానికి ఇంకొకటి దొరికింది. దాన్ని చెప్పి మాత్రం ఏం లాభం?

పెట్టె బరువుగా ఉంది. ట్రక్కులో పెట్టి తిరిగేసరికి లియోనా గుడ్డ కప్పిన కూకెన్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి, కానీ మొహంలో చాలాకాలం తర్వాత ఒక తేలిక.

"చెప్పావు కదూ" అంది అతని చెయ్యి పట్టుకుని. "ఎలా చెప్పావో ఏమో. రాత్రి హాయిగా నిద్రపోయాను."

"నేనేం చెప్పలేదక్కా. ఆయన కట్టినవాటిలో ఒక్క తప్పు లేదు. వెళ్లి చెప్పు, నువ్వైనా చెప్పు."

"సరేలే" అంది ఆమె, చిన్నపిల్లాడి బుగ్గ నిమిరినట్టు చెయ్యి నిమిరి. "నువ్వు ఎప్పుడూ అంతే. పళ్లెం తిరిగి తేవడం మర్చిపోకు."

అతను ట్రక్కు ఎక్కి తాళం తిప్పాడు. ఇవాల్డ్ షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ట్రక్కు ఉన్న చోటికి కొంచెం పక్కగా, గాలిలోకి చూస్తూ అరిచాడు.

"ఒరే డెల్మర్! అచ్చు బాగా వేడెక్కేదాకా మొదట వచ్చిన గుండ్లని మళ్లీ కుండలోనే వేసెయ్. మడతలు పడి ఉంటాయి. అవి ఎందుకూ పనికిరావు."

నలభై ఏళ్లుగా డెల్మర్ చేస్తున్నది అదే.

"అలాగే బావా" అని కేకేశాడు. వినపడిందో లేదో తెలియదు. ఇవాల్డ్ ఇంకా అటే చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు.